ఇచ్చట ఎవరూ మరణించి యుండలేదు

బూరె ఊరెళ్ళిందన్నది ఇంటిల్లిపాదీ కలిసి ఆడిన అబద్ధం. ఏ ఊరెళ్ళిందో చెప్పే బాధ్యత మాత్రం పేర్రాజు ఒక్కడి నెత్తిన పడింది.

బూరె అంటే ఇక్కడ పిండివంట కాదు, పేర్రాజు మేనకోడలు అమ్ములు పెంచుకున్న కుందేలు. తెల్లగా, గుండ్రంగా, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పొంగేదని ఐదేళ్ళ అమ్ములే దానికా పేరు పెట్టింది. ఒకరోజు పిల్ల బడికెళ్ళిన వేళ అది పొట్ట ఉబ్బి, పెరట్లో గోడవారన కన్నుమూసింది. సాయంత్రం వచ్చి "బూరేదీ?" అని అడిగిన కూతురికి భ్రమరాంబ నిజం చెప్పలేకపోయింది. నోటికి ప్రాస తగిలింది కదా అని "బూరె ఊరెళ్ళిందమ్మా" అనేసింది.

"ఏ ఊరు?"

"అది మావయ్యకి తెలుసు. బస్సులన్నీ పంపేది మావయ్యే కదా."

మావయ్య అంటే భ్రమరాంబ తమ్ముడు పేర్రాజు. బస్టాండులో అనౌన్సరు. ఫలానా బస్సు ఫలానా ప్లాట్‌ఫారం మీద బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదని రోజంతా చెప్పేది అతనే. మైకు పుణ్యమా అని అతనికా గొంతు వచ్చిందా, గొంతు పుణ్యమా అని మైకు దక్కిందా అన్నది ఇంకా తేలలేదు. అతను రహస్యం చెబితే పక్కవీధిలో కిటికీలు తెరుచుకుంటాయి. పెళ్ళిచూపుల్లో తల్లి చెవిలో "పిల్ల బాగుందే" అని గుసగుసలాడితే, వీధి చివర పాన్‌షాపతను "అయితే ఖాయం చేసెయ్యండి బాబూ" అన్నాడు.

అలాంటివాడు ఆడిన అబద్ధం అబద్ధంలా ఉండదు, ప్రకటనలా ఉంటుంది. మొదటిరోజు బూరె తుని వెళ్ళిందన్నాడు. మర్నాడు మరిచిపోయి రాజోలన్నాడు. "తుని బస్సు రాజోలు వెళ్ళదుగా మావయ్యా" అంది అమ్ములు. మేనమామ పోలిక. దాంతో బూరె తునిలో దిగి బస్సు మారిందని, మారిన బస్సు టైరు పంచరైందని, అందుకే రావడం ఆలస్యమవుతోందని కథ రోజుకో స్టేజీ దాటింది.

అమ్ములు నమ్మింది. నమ్మి, బడిసంచీలో గౌను, దువ్వెన, కొత్తిమీర కట్ట సర్దుకుని రోజూ సాయంత్రం గేటు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఆటల్లేవు, పాటల్లేవు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని, "బూరెకి కూడా ఆకలేస్తుందిగా" అని కంచం తోసేసేది.

"ఇలాగైతే పిల్ల చిక్కి సగమైపోతుంది. ఎవరో ఒకరు నిజం చెప్పాలి" అని శనివారం భోజనాల దగ్గర తేల్చింది భ్రమరాంబ.

బావగారు ఫ్యాను వైపు చూశాడు. అమ్మమ్మ దేవుడి పటం వైపు చూసింది. పటంలో దేవుడు పేర్రాజు వైపు చూశాడు.

"నేనా? నెమ్మదిగా చెప్పాల్సిన మాట నాచేత చెప్పిస్తారేంటే?" అన్నాడు పేర్రాజు. ఎదురింట్లో కుక్క మొరిగింది.

"తుని బస్సెక్కించింది నువ్వేగా. దింపేది కూడా నువ్వే" అంది అక్క.

ఎలా దింపాలా అని ఆలోచిస్తే అతనికి చిన్నప్పుడు బడిపిల్లలతో చూసిన జిల్లా ప్రకృతి ప్రదర్శనశాల గుర్తొచ్చింది. దుమ్ముపట్టిన ఏనుగు, గాజుకళ్ళ పులి, తీగలతో బిగించిన డైనోసార్ ఎముకలు. వేరే ఆస్తి లేని ఆ మ్యూజియానికి అస్థులే ఆస్తి. పసిపిల్లని శ్మశానానికి తీసుకెళ్ళలేం. మ్యూజియానికైతే తీసుకెళ్ళచ్చు. చచ్చినవాటి మధ్య నిలబడి చావు మాట ఎత్తడం సులువు. 'చూశావా అమ్ములూ, ఎంత పెద్ద ఏనుగైనా...' అని మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా కుందేలు దాకా దిగిరావచ్చు.

ఆదివారం పొద్దున్నే అమ్ములునీ, దాని అన్న ప్రణీత్‌నీ వెంటబెట్టుకుని బయలుదేరాడు. ప్రణీత్‌కి ఎనిమిదేళ్ళు. ఎక్కాలు రావు గాని, డైనోసార్ల పేర్లన్నీ నోటికి వచ్చు. అమ్ములుతో పాటు బడిసంచీ కూడా బయలుదేరింది.

"ఇది తుని దారేనా మావయ్యా?"

పేర్రాజుకి దగ్గొచ్చింది.

మ్యూజియం గేటుకి కొత్త రంగులు వేశారు. పైన ఇంద్రధనుస్సు, కింద నవ్వుతున్న కప్ప, మధ్యలో పెద్ద బోర్డు: 'సంతోష ప్రదర్శనశాల. ఇచ్చట ఎవరూ మరణించి యుండలేదు.' ఎక్కడో అచ్చుతప్పు పడి ఉంటుందనుకున్నాడు పేర్రాజు. లోపలికి అడుగుపెట్టి, మెడలో ఈల వేలాడుతున్న అటెండరుని అడిగాడు.

"ఏవండీ, ఆ చచ్చిన ఏనుగు ఎటువైపుందండీ?"

అటెండరు గవర్రాజు కళ్ళు తేలేసి ఈల ఊదాడు. ఎంత గట్టిగా ఊదాడంటే నవ్వుతున్న కప్ప కూడా నవ్వాపినట్టనిపించింది.

"అంత మాటనేశారేంటండీ బాబూ! చంటిపిల్లలు తిరిగే చోటండి, ఆయ్!"

ఈల వినగానే లోపల్నుంచి సంచాలకులు సదానందం గారు వచ్చారు. పేరులో ఉన్న ఆనందం ముఖం దాకా పాకలేదు. నవ్వు మాత్రం పెట్టుకున్నారు, కోటుకి పువ్వు పెట్టుకున్నట్టు.

"సందర్శకులకు స్వాగతము. ఇది ప్రథమ అపరాధము కావున క్షమించడమైనది. బాలబాలికల సున్నిత మనోభావముల పరిరక్షణార్థము, ఈ ప్రాంగణమందలి జీవులన్నియు జీవించియున్నట్లుగా పరిగణించవలెనని జీవో జారీ అయినది. చచ్చుట, పోవుట, అంతరించుట అను క్రియాపదములు ఇచట నిషిద్ధములు."

కిందటేడు ఒకానొక పెద్దవారి మనవడు ఇక్కడికొచ్చాడట. డైనోసార్లు ఇప్పుడు లేవని తెలిసి గుక్కపట్టి ఏడ్చాడట. ఆ ఏడుపుకి పెద్దవారి భోజనం చల్లారిపోయిందట. చల్లారిన భోజనంలోంచి పుట్టింది ఈ వేడివేడి జీవో. ప్రాణం పొయ్యడం బ్రహ్మ పని అనుకుంటాం గాని, ఎండుగడ్డి కూరినవాటికి కూడా ప్రాణం పొయ్యాలంటే బ్రహ్మ చాలడు, జీవో కావాలి. జీవుల్లో లేని జీవం జీవోలో ఉంది.

"మరి వాటినేమనాలండీ?" అన్నాడు పేర్రాజు.

"సందర్భానుసారముగా సెలవు, బదిలీ, పదవీ విరమణ అనవచ్చును. మా సిబ్బందికి అలవాటైన మాటలు కావున అమలు సులభమైనది."

"అంటే శవాలన్నీ సెలవులయ్యాయన్నమాట!"

గవర్రాజు మళ్ళీ ఈల ఊదాడు. "రెండోదండి! మూడోది పడిందంటే ఆనందగదేనండి, ఆయ్."

ఆనందగది అంటే ఏమిటో అడిగేలోపు ప్రణీత్ డైనోసార్ దగ్గరికి పరిగెత్తాడు. కప్పుకి తగిలేంత ఎత్తున నిలబడి ఉంది అస్థిపంజరం. మెడలో బంతిపూల దండ.

"నాకు తెలుసు! ఆకాశంలోంచి ఉల్క పడి ఇవన్నీ చ..."

గవర్రాజు ఒక్క గెంతులో వచ్చి వాడి నోరు మూశాడు. "అబ్బే! డైనో సారు దీర్ఘకాలిక సెలవులో ఉన్నారు బాబూ."

"మరి ఎముకలే ఉన్నాయేంటి?"

"సెలవు కదా నాన్నా! డ్రెస్సు విప్పేసి గాలికి కూర్చున్నారు."

"మళ్ళీ ఎప్పుడు డ్యూటీలో చేరతారు?"

"ఇంకాస్త పొడిగించమని అర్జీ పెట్టుకున్నారు. పైనుంచి రావాలి" అని గవర్రాజు పైకి చూపించాడు. ఉల్క కూడా అటునుంచే వచ్చింది గనక ప్రణీత్‌కి సందేహం తీరిపోయింది. నిటారుగా నిలబడి "గుడ్ మార్నింగ్ డైనో సార్" అని సెల్యూట్ కొట్టాడు.

పక్క గోడ మీద ఒకప్పుడు 'అంతరించిన జాతులు' అని ఉండేది. ఇప్పుడు దాన్ని 'అంతరాయం కలిగిన జాతులు' అని దిద్దారు. కింద చిన్న అక్షరాల్లో 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని కూడా రాశారు.

అమ్ములు ఇవన్నీ కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది.

"సెలవు అయిపోయాక అందరూ ఇంటికొచ్చేస్తారా తాతయ్యగారూ?" అని సదానందాన్ని అడిగింది.

"నిస్సందేహముగా వచ్చెదరు తల్లీ."

అమ్ములు మేనమామ వైపు తిరిగి నవ్వింది. బూరె పోయాక ఆ పిల్ల నవ్వడం ఇదే మొదలు. నిజం చెప్పడానికి ఇంతదూరం తీసుకొస్తే, ఇక్కడ ఇంటి అబద్ధానికి ప్రభుత్వ ముద్ర పడుతోంది.

తర్వాతి హాల్లో పులి ఉంది. చిన్నప్పుడు పేర్రాజు చూసినప్పుడు దాని నోట్లో జింక మెడ ఉండేది. ఇప్పుడు జింకని తీసి పులి పక్కన నిలబెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే దండ, కొత్తగా పెళ్ళైనవాళ్ళలా. వెనక గోడ మీద ఉన్న ఆహారపు గొలుసు స్నేహపు గొలుసు అయింది. అందులో పాము, కప్ప, మిడత ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఉన్నాయి. పాముకి భుజం ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

పులి ముందు వెండిరంగు పళ్ళెంలో పులిహోర ఉంది.

"పులికి పులిహోరేంటండీ?" అన్నాడు పేర్రాజు.

"బతికున్నాయని రాసి పంపాక, తిండేం పెడుతున్నారని పైనుంచి అడిగారండి" అన్నాడు గవర్రాజు. "మాంసం పెడితే పిల్లల మనసు నొచ్చుకుంటుందంట. అందుకని పేరు కలిసింది పెట్టాం. పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి పళ్ళెం ఖాళీ అండి. భలే తింటారండి పులిగారు, ఆయ్!" అంటూ మీసానికి అంటిన ఆవగింజ దులుపుకున్నాడు. "జిరాఫీ గారికి కాఫీ కూడా ఇస్తున్నామండి. ఆవిడ మెడ పొడుగు కదా, కిందికి దిగేసరికి చల్లారిపోతుంది. అందుకని మేమే కాస్త..."

ఏనుగు దగ్గర నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన పైన తెల్లకోటు వేసుకున్న ఒకావిడ ఏనుగు చెవి వెనక స్టెతస్కోపు పెట్టి వింటోంది. పశువైద్యాధికారిణి డాక్టర్ మంగతాయారు. బతికున్నవాటికి తిండితో పాటు వైద్యం కూడా చేయించాలి కదా.

"నాడి?" అని కిందనుంచి గంభీరంగా అడిగారు సదానందం.

"నిదానం."

"ఎంత నిదానం?"

"చాలా నిదానం."

"ఔషధము?"

"కిందటి వారం రాసిందే. నాఫ్తలీన్ గోళీలు, పడుకోబోయే ముందు."

సంతృప్తిగా తలాడించి సదానందం వెళ్ళిపోయారు. మంగతాయారు నిచ్చెన దిగి, పేర్రాజు మొహంలో ఆశ్చర్యం చూసి, నుదురు తుడుచుకుంది.

"నేను గేదెలకి పురుళ్ళు పోసుకునే మనిషినండీ. వారం వారం వచ్చి గడ్డి కూరిన ఏనుక్కి జ్వరం చూస్తున్నా. ఒకందుకు మంచిదే లెండి. నా చేతిలో పేషెంట్లు ఒక్కరు కూడా పోలేదని జిల్లాలో ఉత్తమ డాక్టరు అవార్డిచ్చారు."

ఈవిడకైతే చెప్పుకోవచ్చనిపించింది పేర్రాజుకి. పిల్లలిద్దరూ ఏనుగు తోక దగ్గర ఉన్నారు. అతను తొండం వెనక్కి జరిగి, గొంతు బాగా తగ్గించి, "డాక్టరమ్మగారూ, మా పాప కుందేలు చచ్చిపోయిందండీ, పిల్లకెలా చెప్పాలో తెలియట్లేదండీ" అన్నాడు.

తగ్గించాననుకున్నాడు. 'పాప కుందేలు' దాకా తగ్గింది కూడా. ఆ తర్వాత మాట దగ్గరికొచ్చేసరికి ఏనుగు పొట్ట బోలుగా ఉండడం వల్లనో ఏమో, అది తబలాలా మోగి హాలంతా తిరిగింది. అదృష్టం కొద్దీ అప్పుడే గవర్రాజు ఈల కూడా మోగడంతో అమ్ములుకి ఈలే వినిపించింది. దురదృష్టం కొద్దీ గవర్రాజుకి మాటే వినిపించింది.

"మూడోదండి!"

ఆనందగది మెట్ల కింద ఉంది. గోడకున్న స్పీకరు పకపకా నవ్వుతూ ఉంటుంది, దానితో పాటు నవ్వాలి. మనసులో విషాదం అరిగిందని గవర్రాజు కిటికీలోంచి చూసి ఒప్పుకున్నాకే తలుపు తీస్తారు. లోపల అప్పటికే ఒక జంతుశాస్త్రం లెక్చరరు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళతో.

"మీరేమన్నారు మాస్టారూ?" అన్నాడు పేర్రాజు.

"హహహ! పాఠం చెప్పానండీ! హహహ! అంతే!"

పేర్రాజు కూడా నవ్వాడు. అతని నవ్వు స్పీకరుని మింగేసింది. ఆ దెబ్బకి స్పీకరు బిక్కమొహం వేసి ఆగిపోవడంతో ఇద్దరినీ తొందరగానే వదిలేశారు.

బయటికొచ్చేసరికి పిల్లలు ఏనుగు దగ్గర లేరు. చిన్న జంతువుల గదిలోంచి కేక వినిపించింది.

"మావయ్యా! బూరె ఇక్కడుంది!"

గాజుపెట్టెలో పచ్చరంగు పూసిన కొబ్బరిపీచు గడ్డి మీద ఒక తెల్ల కుందేలు కూర్చుని ఉంది. అమ్ములు గాజుకి ముక్కు ఆనించి, బడిసంచీలోంచి కొత్తిమీర తీసి ఊపుతోంది. చుట్టూ పిల్లలు, వాళ్ళ వెనక పెద్దలు, వాళ్ళందరి మధ్య వెలిగిపోతూ సదానందం గారు. నవ్వు మొదటిసారి ఆయన ముఖానికి సరిపోయింది.

"అందరూ గమనించవలెను! ఈ బాలిక తన కుందేలును గుర్తించినది. అది సొంత ఊరు వెళ్ళినదట. ఆ ఊరు మరేదో కాదు, మన ప్రదర్శనశాలయే! పథకము ఫలించినది! గవర్రాజూ, ఫొటో!"

"కాదండీ, అది..." అని పేర్రాజు ముందుకొచ్చాడు.

సదానందం అతన్ని మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. గ్రాంథికం కాసేపు జేబులో పెట్టుకున్నారు. "చూడండి, ఊఁ అనండి చాలు. పిల్లకి సంతోషం, పథకానికి సంతోషం. ఆదివారం ఆదివారం వచ్చి చూసుకుంటుంది. మీరింక ఏమీ చెప్పక్కర్లేదు."

పేర్రాజు అమ్ములు వైపు చూశాడు. పిల్ల బుగ్గలు గాజుకి అతుక్కుని ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళ తర్వాత ఆ కళ్ళలో ఆట కనబడింది. ఒక్క ఊఁ. బస్టాండులో రోజుకి వందలమందిని వాళ్ళ ఊళ్ళకి పంపే నోటికి ఒక్క ఊఁ ఎంత పని? పెదవులు దగ్గరికి చేర్చాడు కూడా.

"ఎత్తుకుంటా. తలుపు తియ్యండి తాతయ్యగారూ" అంది అమ్ములు.

సదానందం గతుక్కుమన్నారు. కాని జీవోలో జీవులకి బంధు సందర్శన హక్కు ఉంది. ఆయనే అడిగి మరీ రాయించారు. బతికున్న కుందేలుని చూడ్డానికొచ్చిన మనిషిని ఆపడానికి ఆయన దగ్గర ఏ నిబంధనా లేదు. పైగా గవర్రాజు ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పెట్టె తాళం తీశారు.

అమ్ములు రెండు చేతులతో కుందేలుని ఎత్తుకుంది. బూరెని ఎత్తుకున్నట్టే భుజానికి వేసుకుంది. బూరె అయితే చెవి కింద ముక్కు దూర్చి ఆడించేది. ఇది దూర్చలేదు. చెవులు వంచబోతే వంగలేదు. చెక్కలా గట్టిగా, ఖాళీ అట్టపెట్టెలా తేలిగ్గా ఉంది. పొట్ట కుట్టు దగ్గర ఎండుగడ్డి పరక ఒకటి బయటికి పొడుచుకొచ్చి అమ్ములు మెడకి గుచ్చుకుంది.

అమ్ములు ఆ పరక లాగి చూసింది. మళ్ళీ కుందేలు కళ్ళలోకి చూసింది. తర్వాత సదానందాన్ని అడగలేదు, గవర్రాజుని అడగలేదు.

"మావయ్యా, ఇది పడుకుందా?"

సదానందం కళ్ళతో బతిమాలుకున్నారు. గవర్రాజు ఈల నోట్లో పెట్టుకున్నాడు. పేర్రాజు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"లేదమ్ములూ. ఇది చచ్చిపోయింది. ఎప్పుడో చచ్చిపోయింది" అన్నాడు. "మన బూరె కూడా చచ్చిపోయింది నాన్నా. తుని వెళ్ళలేదు. ఏ ఊరూ వెళ్ళలేదు."

చెవిలో చెప్పాలనుకున్నాడు. గొంతు మాట వినలేదు. ఆ మాట చిన్న జంతువుల గది దాటి, పులినీ ఏనుగునీ దాటి, డైనో సారు పక్కటెముకల్లోంచి దూరి, గేటు బయట ఐస్‌క్రీం బండి దాకా వినబడింది. గవర్రాజు ఈల ఊదాడు గాని లోపల పులిహోర మెతుకు అడ్డంపడి తుస్సుమంది.

ఎక్కడో ఒక పిల్లాడు అడిగాడు.

"అయితే పులి కూడా చచ్చిపోయిందా?"

"ఏనుగు?"

"డాడీ, మన చేపపిల్ల సముద్రంలో పెద్ద బళ్ళో చేరిందన్నావు!"

"తాతయ్య బెంగుళూరులో ఉన్నాడన్నావు కదమ్మా! ఫోనెందుకు చెయ్యడు మరి?"

హాల్లో ఉన్న పెద్దలందరూ ఒక్కసారిగా ఫ్యాన్ల వైపు చూశారు. ఫ్యాన్లు ఆ చూపులకి తట్టుకోలేక గిర్రున తిరిగాయి. ప్రణీత్ డైనోసార్ హాల్లోకి పరిగెత్తి, "సార్, మీక్కూడా సెలవు కాదంట సార్!" అని కబురు చెప్పొచ్చాడు. లెక్చరరు ఒక స్టూలెక్కి, "పిల్లలూ, ఇటు రండి, అసలేం జరిగిందంటే..." అని ఆగిపోయిన పాఠం అందుకున్నాడు.

సదానందం ముఖం మళ్ళీ పాత స్థితికి వచ్చింది. గ్రాంథికం కూడా తిరిగొచ్చింది.

"మీరెంత ఘాతుకమునకు ఒడిగట్టితిరో గ్రహించితిరా? కొద్ది నిమిషముల క్రితము వరకు ఈ జీవులన్నియు అధికారికముగా సజీవములు. మీ వాక్కు మూలమున ఒక ఏనుగు, ఒక పెద్దపులి, సకుటుంబముగా జింకలు, ఒక డైనోసార్ మృతి చెందినవి. ఇది వేట! నోటితో వేట! వన్యప్రాణి చట్టము క్రింద మీపై చర్య తీసుకొనబడును!"

"డైనోసార్‌ని కూడా నేనే చంపానా?" అన్నాడు పేర్రాజు. "ఉల్క మీద పెట్టాల్సిన కేసు నా మీద పెడతారేంటండీ?"

"ఉల్క పరారీలో ఉన్నది! మీరు దొరికితిరి!"

మృతి చెందినవని సంచాలకులే అన్నాక, ధ్రువీకరించాల్సింది వైద్యాధికారిణి. డాక్టర్ మంగతాయారు "హమ్మయ్య" అని కొంగు బిగించి నిచ్చెనెక్కింది. అంత హుషారుగా ఎవరూ మరణాలు ధ్రువీకరించి ఉండరు.

"ఏనుగుగారు పోయారు!"

"కారణము?"

"చాలా కాలం కిందట పోవడం!"

జింకలు పోయాయి, జిరాఫీ పోయింది, మొసలి పోయింది. సీసాలో పాము పోయిందని చెప్పేటప్పటికి ఆవిడ గొంతులో పాట వినిపించింది. పులి దగ్గర మాత్రం గవర్రాజు కాస్త బాధపడ్డాడు. రేపట్నుంచి పులిహోర ఉండదని గుర్తొచ్చింది. కాని ఆ వెంటనే ఇంకోటి కూడా గుర్తొచ్చింది.

"సారూ, సెలవనీ బదిలీ అనీ అన్నాక ఈళ్ళంతా మన సిబ్బందేగదండి. సిబ్బంది పోతే సంతాపసభ పెట్టాలండి. సభయ్యాక పూట సెలవివ్వాలండి. రూలండి, ఆయ్!"

సదానందం ఒక్క నిమిషం ఆలోచించారు. ఆయన జీవితంలో రూలుకి ఎదురుచెప్పిన సందర్భం లేదు. పేర్రాజు మీద కేసు సభ తర్వాత చూద్దామన్నారు.

డైనోసార్ కిందే సభ పెట్టారు. కోటుకున్న పువ్వు తీసేసి నల్లగుడ్డ ముక్క కట్టుకుని సదానందం ముందు నిలబడ్డారు. పిల్లలు, పెద్దలు, సిబ్బంది, ఐస్‌క్రీం బండతను అందరూ లేచి నిలబడ్డారు. అమ్ములు గడ్డి కుందేలుని తనే తీసుకెళ్ళి గాజుపెట్టెలో పెట్టి, మూత వేసి వచ్చింది. పేర్రాజు చెయ్యి పట్టుకుంది గాని ఏడవలేదు, మాట్లాడలేదు. పిల్ల చెయ్యి చల్లగా ఉంది. దానికన్నా ఆనందగదే నయమనిపించింది అతనికి.

"కీర్తిశేషులు ఏనుగు గారు" అని మొదలుపెట్టారు సదానందం. "అంతటి భారీ విగ్రహులైనను ఏనాడును ఎవరిపైనను తొండమెత్తి మాటాడి యెరుగరు. కీర్తిశేషులు పెద్దపులి గారు. చివరి దినములందు శాకాహారమును స్వీకరించి ఆదర్శప్రాయులైరి. కీర్తిశేషులు డైనో సారు. కండలు కరిగించి, కేవలము ఎముకలతో సంస్థను నిలబెట్టిన మహనీయులు. కీర్తిశేషులు జిరాఫీ గారు. దూరదృష్టి కలవారు..."

పిల్లలకి నవ్వొచ్చింది, నవ్వారు. ఈసారి స్పీకరు అక్కర్లేకపోయింది. ఒక్కో పేరు చదవగానే ఎవరో ఒక పిల్ల వెళ్ళి ఆ జంతువు కాలో తోకో ముట్టుకుని వచ్చింది. సీసాలో పాము దాకా అందరి పేర్లూ అయిపోయాయి. సదానందం కాగితం మడవబోయారు.

అమ్ములు పేర్రాజు చెయ్యి వదిలి ముందుకెళ్ళింది. ఆయన కోటు పట్టుకుని లాగింది.

"మా బూరె పేరు చదవలేదు."

సదానందం కిందికి చూశారు. "అమ్మా... బూరె మా సిబ్బంది కాదు తల్లీ. ప్రదర్శనశాల పరిధిలోనికి రాదు. నిబంధనల ప్రకారము..."

అక్కడ ఆగిపోయారు. నిబంధనల ప్రకారము తర్వాత ఆయనకి మాట రాకపోవడం అదే మొదటిసారి. అమ్ములు కోటు వదల్లేదు. ఆయన చుట్టూ చూశారు. హాలంతా లేచే ఉంది, ఎవరూ కూర్చోలేదు. ఆయన గొంతు సవరించుకుని, మడిచిన కాగితం తెరవకుండానే చదివారు.

"కీర్తిశేషులు బూరె గారు..."

"గారు వద్దు తాతయ్యా" అంది అమ్ములు. "చిన్నది."

ఆ మాట అన్నాక పిల్ల వెనక్కి పరిగెత్తుకొచ్చి మేనమామ కడుపులో మొహం దాచుకుని, గేటు దగ్గర కూర్చున్న అన్ని సాయంత్రాల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. పేర్రాజు ఎత్తుకుని వీపు నిమిరాడు.

పిల్ల ఏడుపు కాస్త తగ్గేదాకా సదానందం ఆగారు. తర్వాత ఆ పేరు మళ్ళీ చదివారు, అంతకుముందెవరికీ అంత నెమ్మదిగా చదవలేదు.

"బూరె" అన్నారు. "చిన్నది."